గాజుపలక మీద మరక

డెబ్బైల నాటి మాట. మైలవరం నుంచి విజయవాడ వెళ్లే బస్సులో, ఆడవాళ్ల సీట్లో, నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో చిన్న అట్టపెట్టె ఉంది.

“ఏముందండీ అందులో?” అన్నాను.

“నేనే ఉన్నానమ్మా. గర్భసంచి ముఖద్వారం దగ్గర కాస్త గీకి, గాజుపలక మీద పూసిచ్చారు మా డాక్టరమ్మగారు. బెజవాడలో మైక్రోస్కోపు పెట్టి చూస్తారట. ఏదో పురుగు పట్టిందని అనుమానం.”

జువాలజీ చదివి ఖాళీగా ఉన్న నాకు ఇన్నాళ్లకు శ్రోత దొరికింది. “దాన్ని వైరస్ అంటారండీ. అది మామూలు మైక్రోస్కోపుకీ కనబడదు. అది సోకిన కణాలు ఉబ్బుతాయి. వాటిని చూసి కనిపెడతారు.”

“అంతేలే. కోడలి మొహం ఉబ్బి ఉంటే మా అమ్మాయి వచ్చి వెళ్లిందని నేను కనిపెట్టనూ?” అని నవ్వింది. పెట్టెను మాత్రం ఒళ్లోకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది.

కొండపల్లి దాటాక పెట్టె తెరిచింది. గాజు మీద తెల్లటి మరక చూసి, “అయ్యో, ఇంత మురికిగానా డాక్టర్లకి ఇవ్వడం!” అంటూ పైటచెంగు అందుకుంది.

గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. “తుడవకండి పిన్నిగారూ! వాళ్లు చూసేది ఆ మరకనే.”

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. “మంచిమాటే చెబుతారంటావా?” అంది.

రెండో చేత్తో పెట్టె మూత వేశాను. బెజవాడ దాకా అలాగే కూర్చున్నాం.

డాక్టర్లేం చెప్పారో నాకు తెలియదు. కళ్లజోడు తుడిచే ముందు మాత్రం ఇప్పటికీ ఒక్కసారి ఆగుతాను.