కార్జం కాడ చెక్‌పోస్టు

చిలమత్తూరు పశువుల ఆసుపత్రిలో డాక్టరు అరుణ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్లు లేరు. ఎప్పుడూ ఏదో ఒక గొర్రె పక్కన మోకాళ్ల మీదే ఉంటుంది. ముందుగా దాని కంటిరెప్ప తిప్పి చూస్తుంది. తనకు నచ్చిన సంగతి చెప్పేటప్పుడు ఆమె చేతులు గాల్లో ఎగురుతాయి, చేతిలో సిరంజి ఉన్నా సరే. ఆ రోజు మునియమ్మ గొర్రెకు కాన్పు ఆపరేషన్. "సూదెందుకు తల్లీ, ఆ మత్తుమందు నోట్లోనే పొయ్యగూడదా?" అంది మునియమ్మ. అంతే, అరుణ కళ్లు వెలిగాయి. "నోట్లో పోస్తే ముందు కార్జం కాడికి, అదే లివరు కాడికి పోతాదవ్వా! అది చెక్‌పోస్టు మాదిరి. చానా మందును ఆడే విరిచేసి, మిగిలిందే ముందుకు పంపిస్తాది. నరంలో ఏస్తే నేరుగా మెదడుకే! అయినా మత్తు దిగల్లంటే ఆ మందు మళ్లా కార్జం కాడికే రావల్ల. నీ గొర్రె కార్జాన్ని జలగపురుగులు తినేసినాయి. రెప్పలు చూడు, ఎంత తెల్లగుండాయో! అందుకే సగమే ఇస్తాండా."

పిల్ల క్షేమంగా బయటపడింది. తల్లి మాత్రం ఆ సగం మందుకే చాలాసేపు లేవలేదు. అరుణ దాని డొక్క మీంచి చెయ్యి తియ్యలేదు. చివరికి చెవి కదిలింది. గొర్రె తల ఎత్తి పిల్లను నాకింది. "లేసింది! లేసిందవ్వా!" అంటూ అరుణ గంతేసింది. మునియమ్మ గొర్రెకేసి చూడనే లేదు. అరుణ కోటు గట్టిగా పట్టుకుంది. "హిందూపురం ఆసుపత్రికి ఫోన్ చెయ్ తల్లీ. రేపు మా ఇంటాయనకు ఆపరేషన్. సారాయి తాగి తాగి ఆయప్ప కార్జం ఎప్పుడో చెడింది. సిగ్గయ్యి, చుక్క గూడా ముట్టడని ఆ డాక్టరుకు చెప్పినా."