వెన్న మరక ఉన్న పేజీ

పశువుల డాక్టరు పోయిన వార్త నాకు ఒక రోజు ఆలస్యంగా అందింది. మంగళవాడ నుంచి వచ్చిన మా మరిది గడప దగ్గర చెప్పులు విడుస్తూనే చెప్పాడు. "వదినా, మన పశువుల డాక్టరు పోయినాడంట. నిన్ననే మట్టి చేసేసినారంట."

ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ముప్పై ఏళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక వినడానికి ఆయన లేరు. చదివేవాళ్లకైనా చెబుతాను.

స్కూటరు దిగగానే ఆయన చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగేవారు. కరువు కాలం కాబట్టి అరచెంబే అడిగేవారు. పశువును చూసే ముందు దాని చెవి పట్టుకొని కాసేపు ఊరికే నిలబడేవారు. "నేనెవరో దానికి తెలియాల కదమ్మా" అనేవారు.

తొంభైలలో ఒక ఏడు మా జోడెడ్లలో ఒకటి మేత మానేసింది. జ్వరం రెండు రోజులు ఉండేది, తగ్గేది, మళ్లీ వచ్చేది. డాక్టరు దాని చెవి నుంచి రక్తపు చుక్క తీసి గాజుపలక మీద పూసుకొని వెళ్లారు. మరునాడు వచ్చి సర్రా అని చెప్పి సూది వేశారు. జోరీగలు మోసుకొచ్చే జబ్బు అది. ఒళ్లంతా ఒకే ఒక్క కణమైన పురుగు, రక్తంలో బతుకుతుంది.

"పోయిన జ్వరం మళ్లా యాడనుంచి వస్తాది సార్?" అని అడిగాను.

"ఒక సంగటి ముద్ద, రవ్వంత వెన్న, నువ్వులు, ఆవాలు తెప్పించమ్మా" అన్నారు.

"ఏమప్పా, జ్వరం ఎద్దుకా, ఆకలి నీకా?" అంది మా అత్త.

ఆయన నవ్వి, ముద్దకు వెన్న పూసి, చుట్టూ నువ్వులు అద్దారు. "ఈ ముద్దే ఆ పురుగు. నువ్వులు దాని పైనుండే ప్రోటీన్లు. ఒక్కోదానికి కింద కొవ్వుకాలు ఉంటాది. అది పురుగు ఒంటిమీది కొవ్వు పొరలో దిగబడి ఉంటాది. ఎద్దు రక్తానికి ముద్ద కనపడదు, నువ్వులే కనపడతాయి. వాటిని గుర్తుపట్టి చంపేలోపల..." నువ్వులు గీకేసి ఆవాలు అద్దారు. "కొన్ని పురుగులు ఈ అంగీ తొడుక్కుంటాయి. రక్తం మళ్లా మొదటినుంచి నేర్చుకోవాల. జ్వరం లేదంటే పురుగు లేదని కాదమ్మా."

తర్వాత నేను పశువుల సంగతులు రాసుకునే నోటుబుక్కు తీసుకొని తానే రాశారు: "సోమవారం రక్తం చూసేవరకు కాడి కట్టరాదు." బొటనవేలి వెన్న ఆ పేజీకి అంటింది.

నేను ఉదయం, సాయంత్రం థర్మామీటరు పెట్టి రాశాను. ఆరు రోజులు వరసగా నూట ఒకటిన్నర. పశువుకు అది జ్వరం కాదు. శుక్రవారం సాయంత్రం వాన పడింది. ఎన్ని నెలల తర్వాతో. శనివారం తెల్లవారేసరికి ఊరంతా విత్తనానికి గొర్రులు కట్టింది.

"నేలలో ఈ తడి పదును రెండు దినాలు నిలిస్తే గొప్ప. ఇప్పుడు శెనక్కాయ పడకుంటే ఈ ఏడు ఇంక లేదు. నువ్వేమంటావు?" అన్నాడు మా ఆయన. మా ఇంట్లో నా పుస్తకం మాటే ఆఖరు మాట.

అంకెలు చూశాను. పేజీ పైనున్న డాక్టరు రాతా చూశాను. "ఆరు దినాలుగా జ్వరం లేదు, కట్టండి" అన్నాను.

మూడో సాలులోనే ఎద్దు కూలబడింది. ఆదివారం చచ్చిపోయింది.

సోమవారం డాక్టరు గాజుపలకలతో వచ్చారు. వాకిట్లో జనం. "నీ సూది వికటించిందప్పా" అన్నారు ఎవరో. కాడి కట్టవద్దన్న సంగతి మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన నా వైపు చూశారు. పుస్తకం నా చేతిలోనే ఉంది. నేను తెరవలేదు. ఆయన తెరవమనలేదు. చేతులకు నీళ్లు అడగకుండానే వెళ్లిపోయారు.

ఆ తర్వాత మా వీధివాళ్లు ఆయన్ని పిలవలేదు. ఆ వానాకాలంలో ఇంకా నాలుగు పశువులు పోయాయి. ఏ ఇంటివో, ఏ రోజు పోయాయో రాసుకున్నాను. రాసుకోవడం ఒక్కటే చేశాను. దారిలో ఎదురైతే ఆయనే స్కూటరు ఆపి "అందరూ బాగుండారా అమ్మా?" అని అడిగేవారు. "బాగుండాము సార్" అనేదాన్ని. ముప్పై ఏళ్లూ అంతే మాట్లాడాను.

మరిది వెళ్లాక ఆ పుస్తకం తీశాను. ఆయన రాత చెరగలేదు. దాని పక్కన వెన్న అంటినచోట కాగితం పలచబడి, వెనక పేజీలోని నా అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి: శనివారం. జ్వరం లేదు. కాడి కట్టాం.