ఆ ఫోన్ నన్ను గుర్తుపట్టలేదు

ఈ రోజు అమలాపురంలో మా టీచర్ల ట్రైనింగ్ ఆఖరి రోజు. ఐదు రోజులూ హాజరు పడితేనే సర్టిఫికెట్టు. హాజరంటే ఫోన్‌లో ముఖం చూపించాలి. తొమ్మిది దాటితే ఆబ్సెంటే.

ఎనిమిది యాభైకి ఫోన్ ముందు నిలబడ్డాను. ‘ముఖం సరిపోలలేదు’ అని వచ్చింది. కళ్లజోడు తీసి చూపించాను. మళ్లీ అదే. అప్పుడు అర్థమైంది. మా బాబుకి జ్వరం తగ్గితే తలనీలాలిస్తానని మొక్కుకుని, నిన్న ఆదివారం అంతర్వేది వెళ్లి గుండు చేయించుకొచ్చాను.

చెంగు తలమీదుగా కప్పుకున్నాను. కుదరలేదు. వెలుగు కోసం ఫోన్ పట్టుకుని వరండాలోకి పరిగెత్తాను. అక్కడా కుదరలేదు. ఎనిమిది యాభై ఎనిమిది.

“నేనేనండీ! నాలుగు రోజులుగా మీ ఎదురుగానే కూర్చున్నాను కదా!” అన్నాను ట్రైనింగ్ ఇచ్చే మాస్టారితో.

“ఆయ్, మీరేనండీ. మాకు తెలీదేంటండీ? దానికి తెలియాలి కదండీ,” అన్నారాయన, చాలా మర్యాదగా.

ఒళ్లు మండిపోయి, మెడలో ఉన్న ఐడీ కార్డు లాగి ఫోన్ ముందు పెట్టాను. ఆ ఫోటోలో నేను భుజం మీద నిండు జడ వేసుకుని నవ్వుతున్నాను. ఫోన్ టింగుమంది. హాజరు పడింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

మొక్కుకునే ముందు ఫోన్‌ని కూడా ఓ మాట అడగాలేమో, మీరే చెప్పండి. సాయంత్రం దాకా పాఠాలు విన్నది నేను, పరీక్ష రాసింది నేను. హాజరైంది మాత్రం ఆ ఫోటోలో ఆవిడ.