కోపమొస్తే ఇంగ్లీషులోనే

ఇంగ్లీషు నేర్చుకుందామని వచ్చినవాళ్లను ఏ టీచరైనా ముందు పేరడుగుతుంది, ఏం చదివారని అడుగుతుంది. పగ టీచరు మాత్రం కళ్లజోడు సర్దుకుని ఒకటే అడిగేది: “ఎవరి మీద పగ?”

సైకిళ్ల షాపు మీది గదిలో సాయంత్రాలు ఆవిడ క్లాసు. ఇంగ్లీషువాళ్లు పగ తీర్చుకోవడం గురించి చెప్పుకునే మాటలన్నీ మూటగట్టి నేర్పేది. అవే నేర్పేది, ఇంకేమీ కాదు. దెబ్బకు దెబ్బ అంటే టిట్ ఫర్ ట్యాట్. నీ సంగతి తేలుస్తానంటే ఐ విల్ గెట్ ఈవెన్ విత్ యూ. ఊరంతా ఆవిడకు ఆ పేరు ఖాయం చేసినా మేనకోడలికి మాత్రం ఆవిడ ఉత్త అత్తే. బోర్డు తుడిచేదీ, సుద్దముక్కలు అందించేదీ ఆ పిల్లే. అత్త పోయాక ఆ బోర్డు తనకే వచ్చింది. దాంతోపాటు అత్తను తలుచుకున్నప్పుడల్లా తల కాస్త పైకెత్తి నడిచే అలవాటూ వచ్చింది.

క్లాసుకు రూలు ఒకటే. కోపమొస్తే ఇంగ్లీషులోనే తిట్టాలి. ఎవరి పగవాడి వేషం వాళ్లకోసం టీచరే కట్టేది. దర్జీ కోసం ఎప్పుడూ సణిగే ఖాతాదారు అయ్యేది. “ఈ చొక్కా నాకు కుట్టావా, మీ బల్లకు కుట్టావా?” అనేది నడుం మీద చెయ్యి పెట్టుకుని. దర్జీ ముక్కుపుటాలు అదిరేవి. “ఐ విల్ గెట్ ఈవెన్!” అని అరిచేవాడు. క్లాసంతా చప్పట్లు.

“నీ మందు నీకే తాగిస్తాననాలంటే, ఎ టేస్ట్ ఆఫ్ యువర్ ఓన్ మెడిసిన్,” అని బోర్డు మీద రాస్తే, మందుల షాపు గుమాస్తా చెయ్యెత్తాడు.

“డాక్టరు చీటీ లేకుండా ఇవ్వచ్చా టీచర్?”

“పగకు చీటీ ఎందుకయ్యా? గట్టిగా చెప్పు!”

ఇంతా చేసి ఆవిడకు పగ తీర్చుకోవడం చేతనయ్యేది కాదు. పై వాటా ఆవిడ రోజూ కుండీలకు నీళ్లు పోసి, కింద ఆరేసిన టీచరు చీరలన్నీ బురద చేసేది. “ఐ విల్ పే హర్ బ్యాక్!” అని టీచరు గుమ్మంలో నిలబడి శపథం చేసింది. మర్నాడు వానొస్తే ఒక్క పరుగున మేడ మీదికెళ్లి ఆ పై వాటా ఆవిడ బట్టలన్నీ తీసి, మడతపెట్టి ఇచ్చొచ్చింది.

“ఇదేం పగ అత్తా?”

“రివెంజ్ ఈజ్ ఎ డిష్ బెస్ట్ సర్వ్‌డ్ కోల్డ్. అంటే పగ చల్లారాక వడ్డించాలే. ఇంకా వేడిగా ఉంది, ఆగు.”

అది చల్లారడమూ లేదు, ఆవిడ వడ్డించడమూ లేదు.

ఆ రోజుల్లోనే హోటల్లో లిఫ్టు నడిపే అమ్మాయి క్లాసులో చేరింది. పగ ఎవరి మీదంటే, తల దించుకుని “మా మేనేజరు” అంది. హోటలు కౌంటర్లో ఉద్యోగం ఖాళీ అయింది. ఆ అమ్మాయి అడిగితే మేనేజరు అందరి ముందూ పకపకా నవ్వాడట. “నాతో ఇంగ్లీషులో తడుముకోకుండా నాలుగు ముక్కలు మాట్లాడు, కౌంటరు నీదే” అన్నాడట. ఈ అమ్మాయి నోరు తెరిచేలోపే మళ్లీ నవ్వాడు. ఈ పిల్ల వెనక్కి తిరిగి లిఫ్టులోకెళ్లి తలుపు వేసేసుకుంది. నెలాఖరులోగా మాట పెగలకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

టీచరు మేనేజరు వేషం కట్టింది. సుద్దముక్కతో మీసం దిద్దుకుంది. వెకిలిగా నవ్వింది. లిఫ్టమ్మాయికి కోపం రాకపోగా నవ్వొచ్చింది.

“మీరు తిడుతుంటే మా అమ్మ గారం చేసినట్టుంది టీచర్.”

టీచరు మీసం తుడుచుకుని ఆ సాయంత్రమంతా దిగులుగా కూర్చుంది.

రెండు రోజుల తర్వాత, క్లాసు మధ్యలో, మెట్లు దబదబలాడించుకుంటూ టై కట్టుకున్న మీసాల పెద్దమనిషి ఒకాయన వచ్చాడు.

“ఎవరి మీద పగ?” అంది టీచరు.

“మీ మీదే!”

క్లాసంతా టీచరు వైపు తిరిగింది.

“నిన్న మా హోటలుకొచ్చి, గెస్టుల ముందు నా ఇంగ్లీషు వింటే చెవులు మూసుకోవాలనుందన్నది మీరు కాదూ?”

“నేనే. కోపమొచ్చిందా?”

“రాదా మరి!”

“అయితే ఇంగ్లీషులో చెప్పండి. ఇక్కడ రూలు.”

“యూ... యూ...” అని ఆయన ఆగిపోయాడు. అక్కడ అందరూ ఒకప్పుడు ఆగిపోయినవాళ్లే. దర్జీకి జాలేసింది. “గెట్ ఈవెన్ అనండి సార్, సులువు.”

ఆయన చుట్టూ చూసి, వెనక బెంచీలో లిఫ్టమ్మాయిని గుర్తుపట్టేశాడు. అలవాటైన నవ్వు నవ్వాడు. “ఓహో, నువ్వూ ఇక్కడేనా? నోరు పెగిలిందా?”

బెంచీ కిర్రుమంది. ఆ అమ్మాయి లేచి నిలబడింది.

“సార్! యూ లాఫ్‌డ్ ఎట్ మీ. ఐ విల్ పే యూ బ్యాక్ ఇన్ యువర్ ఓన్ కాయిన్! ఐ విల్ గివ్ యూ ఎ టేస్ట్ ఆఫ్ యువర్ ఓన్ మెడిసిన్! ఐ విల్ సెటిల్ ది స్కోర్! ఐ విల్ సిట్ ఎట్ దట్ కౌంటర్ అండ్ సే గుడ్ మార్నింగ్ టు యూ ఎవ్రీ డే!”

మేనేజరు నవ్వు మూతి మీదే ఆరిపోయింది. టై వదులు చేసుకున్నాడు.

“తడుముకోలేదు,” అన్నాడు చివరికి. “మాటంటే మాటే. రేపు కౌంటరుకి రా. కానీ ఆ మందు సంగతి మాత్రం గెస్టులతో అనకు తల్లీ.”

క్లాసు గోల చేసింది. లిఫ్టమ్మాయి టీచరు చేతులు పట్టుకుని ఊపేసి, చెప్పులు తొడుక్కుంటూ మేనేజరు వెంటే మెట్లు దిగింది.

అందరూ వెళ్లాక మేనకోడలు నిలదీసింది. “పిల్లిని కూడా గట్టిగా అదిలించవు. ఆయన్ని నిజంగా అంత మాటన్నావా?”

“అద్దం ముందు ప్రాక్టీసు చేసుకుని మరీ వెళ్లా. అనేసి బయటికొచ్చాక వాళ్ల గేటు దగ్గరే కూలబడ్డా. వాచ్‌మన్ మంచినీళ్లిచ్చాడు.”

“ఎందుకత్తా ఇదంతా?”

“ఏం చెయ్యనే, నా మీసం చూస్తే ఆ పిల్లకు కోపం రాలేదు. అసలు మీసాన్నే తేవాల్సొచ్చింది. వీళ్లకు మాటలు రాక కాదు, ఎవరైనా నవ్వుతారని భయం. కోపంలో ఆ భయం గుర్తుండదు. అందుకే పగ నేర్పుతా. ఒకసారి నోరు తెరుచుకున్నాక వాళ్లే మంచిమాటలు ఏరుకుంటారు.”

కింద వీధిలోంచి గొంతులు వినబడ్డాయి. మేనేజరూ ఆ అమ్మాయీ షాపు ముందు నిలబడి ఇంగ్లీషులో వాదించుకుంటున్నారు. “నో, యూ లాఫింగ్ ఫస్ట్!” “ఐ డోంట్ లాఫింగ్!” మధ్యలో ఇద్దరికీ నవ్వాగడం లేదు.

“ఇద్దరివీ తప్పులే అత్తా,” అంది మేనకోడలు.

టీచరు కిటికీ ఊచలు పట్టుకుని, కన్నకూతురి పాట వింటున్నట్టు మెడ వాల్చింది.

“తప్పులు రేపు చూద్దాంలే. ముందు విను, ఎంత ధారాళంగా పోట్లాడుకుంటున్నారో!”