పోయొస్తానన్న పిల్ల

బంగారుపేట పాసింజరు మా ఊరి కోరమాండల్ స్టేషనుకు ఉదయం ఏడు దాటాక వచ్చింది. బెంగళూరు ఉద్యోగాలకు పరుగెత్తేవాళ్ల మధ్య నాకెలాగో సీటు దొరికింది. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన నాకు ఆ రోజు కోలారు డీసీ ఆఫీసులో, అంటే కలెక్టరాఫీసులో, దుబాసీ పని. ఇటలీ నుంచి వచ్చిన ఎలేనా, మార్కో దంపతులు శిశుగృహంలో పెరుగుతున్న గంగ అనే ఏడేళ్ల పిల్లను దత్తత తీసుకుంటున్నారు. ఐదేళ్లు దాటిన బిడ్డ ఒప్పుకోనిదే దత్తత సాగదు. గంగ మాటను ఇంగ్లీషులో చెప్పడమే నా వంతు.

బంగారుపేటలో ఇడ్లీ తిని కోలారు బస్సెక్కాను. పక్క సీట్లో పట్టుగూళ్ల మూటతో ఒక రైతు.

"యాడికి పోతాండావమ్మా?" అన్నాడు. చెప్పాను.

"ఒక బిడ్డకు మన దేశంలో అమ్మ దొరకలేదా?"

"ముందు మనోళ్లకే చూపిస్తారప్పా. అందరికీ చంటిబిడ్డే కావాల. ఏడేండ్ల పిల్లను ఎవురూ అడగలేదు."

ఆయన మూటను ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు తిరిగాడు.

డీసీ ఆఫీసు ఊరి బయట. బస్టాండులో ఆటో మాట్లాడుకోవడం మేలు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోవడం ఇంకా మేలు. పదకొండుకు రమ్మన్నవాళ్లు భోజనాల వేళకు గానీ లోపలికి పిలవలేదు. అందాకా గంగ ఎలేనా జుట్టును జడలల్లి విప్పుతూ కూర్చుంది.

డీసీగారిది ఉత్తరాది. తలుపు మూయించి ఇంగ్లీషులో అడిగారు. నేను తెలుగు చేశాను.

"గంగా, వీళ్ల జతలో పోతావామ్మా?"

"పోయొస్తాను."

అన్న మాట అన్నట్టు చెప్పడమే ధర్మమనుకుని, వెళ్లి తిరిగి వస్తానంటోందని చెప్పేశాను. ఎలేనా మొహం పాలిపోయింది. డీసీగారు పెన్ను కింద పెట్టారు. తిరిగొస్తానంటే అది సమ్మతి ఎలా అవుతుందన్నారు. మా వైపు అలాగే అంటారని చెప్పబోతే, మీ వివరణ కాదు, పిల్లనే అడగండన్నారు. న్యాయమే. కానీ పిల్ల తడబడితే ఫైలు ఆగుతుంది, ఈ అమ్మ చేజారిపోతుంది.

"ఆడనే ఉంటావా తల్లీ, మళ్లా ఈడికే వచ్చేస్తావా?"

గంగ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "అమ్మ జతలో ఆడనే ఉంటా. పోతానని అనగూడదంట. ఆయా చెప్పినాది."

ఈసారి నేను ఇంగ్లీషు చేసేలోపే, అమ్మ అన్న మాట పట్టుకుని ఎలేనా కళ్లు తుడుచుకుంది. డీసీగారు మళ్లీ పెన్ను తీశారు. ఉత్తర్వు, ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా అన్నీ వరుసగా కావాలి. ఆ దారిలో వెళ్లేవాళ్లు ఓపికను వెంట తీసుకెళ్లాలి.

బయట కారెక్కబోతూ గంగ ఆగింది. "టీచరమ్మా, మీ ఇల్లు యాడుండాది?"

"కోరమాండల్ స్టేషన్ పక్కన."

ఆ పేరును రెండుసార్లు పెదాల మీదే అనుకుంది. "సరే, పోయొస్తా."

సాయంత్రం బండిలో కూర్చున్నాక నవ్వొచ్చింది, దిగులూ వేసింది. పోయొస్తాననేది ఉత్త మర్యాద మాటేనని ఆఫీసులో నచ్చజెప్పబోయిన దాన్ని నేనే. కోరమాండల్‌లో దిగి, మా వీధి మలుపులు కొత్తవాళ్లకు ఎలా గుర్తు చెప్పాలా అని చూసుకుంటూ ఇంటికి నడిచాను.