సదయ్య పెట్టె శ్రుతి

మా పక్క క్వార్టర్ సహస్ర గురించి ఎవరినడిగినా "మంచి పిల్లే కానీ రాయి" అంటారు. నేనూ అన్నాను, చాలాసార్లు. తండ్రి సదయ్య గుండె ఆగి పోయిన నాడు ఆ పిల్ల కంట చుక్క నీరు రాలేదు. వచ్చినవాళ్లకు కుర్చీలు వేసింది, మంచినీళ్లు ఇచ్చింది, చెప్పులు ఎక్కడ విడవాలో చూపించింది. తండ్రి ఉద్యోగం కంపెనీ కూతురికిస్తే, ఎన్నాళ్లనుంచో చేస్తున్నదానిలా డబ్బా కట్టుకుని వర్క్‌షాపుకు పోయింది. చదివింది కంప్యూటర్ ఇంజనీరింగు, చేసేది గ్రీజు పని. "ఏమ్మా, బాధగా లేదూ?" అంటే "ఏమో ఆంటీ, తెలుస్తలేదు" అనేది. నాకు ఒళ్లు మండేది. తెలియకపోవడమేమిటి, బాధ ఉందో లేదో పంచాంగంలో చూసుకోవాలా?

మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి బొగ్గు గనులవాళ్ల ఈ సెంటినరీ కాలనీలో స్థిరపడ్డవాళ్లం. మా ఆయన భీమశంకరం కంపెనీ ఆఫీసులో గుమాస్తా. మాకూ సదయ్య వాళ్లకూ మధ్య ఒక్కటే గోడ. వాళ్లు తాలింపు పెడితే మేం తుమ్మేవాళ్లం. అలాంటి గోడకు ఇటుపక్క ఇన్నేళ్లు కాపురం చేసి చెబుతున్నాను, సదయ్య హార్మోనియం అపశ్రుతి. చిన్నప్పుడు మేష్టారి దగ్గర వీణ నేర్చుకున్న చెవులు నావి, ఆ మాత్రం తెలుసు. గనిలో, వాళ్ల మాటలో బాయిలో, ఫిట్టరు కదా, చేతిలో ఆకురాయి ఊరుకోదు. పెట్టె విప్పుకుని లోపలి ఇత్తడి రీడ్లు గీకుతూ కూర్చునేవాడు.

"ఎందుకయ్యా దాన్నలా చంపుతావ్?" అని అడిగితే నవ్వేవాడు.

"మా మల్లక్క గొంతు అన్ని గొంతుల లెక్క ఉండదక్కా. గొంతునైతే గీకరాదు గదా, పెట్టెను గీకుతున్న."

మల్లక్క అంటే ఆయన భార్య, పేరే అది. ఆయన వాయిస్తే ఆవిడ పాడేది, కాలనీ భజనకు వాళ్లిద్దరే దిక్కు. ఆ భజన వాళ్లకొక పద్ధతి ఉంది. షిఫ్టు సైరన్ మోగినప్పుడు గొంతు సాగదీసుకుంటూ పైకి లేచి ఒకచోట నిలబడుతుంది చూడండి, అదే వాళ్లకు షడ్జమం, ఆధార స్వరం. దాన్ని పట్టుకుని అందరూ "ఆ..." అంటారు, భజన మొదలవుతుంది. శ్రుతిపెట్టె కొనుక్కోరాదా అని నేనంటే, "సైరన్ ఉండంగ గదెందుకమ్మా?" అన్నాడు భజన పెద్ద కొమురెల్లి. సదయ్య తన పెట్టెలో షడ్జమం మెట్టును కూడా ఆ సైరన్‌కే గీకిపెట్టాడు.

మధ్యాహ్నం ఫస్టు షిఫ్టు విడిచే సైరన్ వినగానే మల్లక్క చేతిలో పని చేతిలోనే వదిలేసి, మొగుడి స్నానానికి నీళ్లు పెట్టేది. బొగ్గు మొహంతో ఆయన గుమ్మం ఎక్కేసరికి నీళ్లు మరుగుతుండేవి. ఆయన పోయాక సైరన్ మోగినా ఆవిడ తల తిప్పడం మానేసింది. సహస్ర అదే షిఫ్టు దిగి వచ్చి తన నీళ్లు తనే కాచుకునేది. మల్లక్క అన్నం పెట్టేది, అంతే. కూతురితో మాట లేదు, ఇంట్లో పాట లేదు. గోడకు ఇటుపక్క నాకే పిచ్చెక్కినట్టుండేది.

సంవత్సరీకం దగ్గరపడింది. భజనలో జంటగా ఉండేవాళ్లలో ఒకరు పోతే, ఏడాది నాటి మొదటి పాట రెండోవాళ్లే ఎత్తుకోవాలని వాళ్ల కట్టుబాటు. ఎత్తుకోకపోతే ఆ మనిషి ఇక భజనలో లేనట్టే. కొమురెల్లి పాపం మంచికే పోయాడు. ఆ రోజుకు పెట్టె బాగుండాలని సదయ్య హార్మోనియం కరీంనగర్ తీసుకుపోయి బాగు చేయించుకొచ్చాడు. బాగుచేసినవాడు రీడ్లన్నీ కొత్తవి వేసి, తిన్నగా శ్రుతి చేసి ఇచ్చాడు. నేను మెట్లు నొక్కి చూసి, "ఇదీ హార్మోనియం అంటే!" అన్నాను. మల్లక్క కాసేపు విని, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

"ఆమె పాడకుంటే సదన్న ఏడాది ఎట్ల ఎల్తది?" అని కొమురెల్లి నెత్తి కొట్టుకున్నాడు.

"బాపు పెట్టె నేను చేస్త కాకా" అంది సహస్ర, కూరగాయలు తెస్తానన్నట్టుగా.

చేయడమంటే ఆకురాయితో కాదు, కంప్యూటర్లో. పిల్లలు పాటలు కట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుందట. తెర మీద రంగురంగుల బ్లాకులుంటాయి, ఒకదానికొకటి తగిలిస్తే వరసగా మోగుతాయి. ఎక్కడెక్కడివాళ్లో ఊరికే దానికి కొత్త కొత్త హంగులు రాస్తుంటారట, ఈ పిల్ల కాలేజీ రోజుల నుంచీ అందులో ఉంది.

"దీంట్ల పన్నెండు మెట్లు సమానంగ ఉంటయి ఆంటీ. బాపువి గట్ల లేవు. అందుకే మెట్లు జరుపుకునేటట్టు ఒకటి తయారు చేస్తున్న."

తెర మీద ఒక చక్రం గీసింది. దాని చుట్టూ పన్నెండు చుక్కలు. ఏ చుక్కను జరిపితే ఆ స్వరం కొంచెం ఎక్కుతుంది, లేదా దిగుతుంది. అన్నీ కుదిరాక నొక్కితే ఆ శ్రుతి మొత్తం ఒక కొత్త బ్లాకైపోతుంది. దాన్ని ఏ పాట తలమీద తగిలించినా పాట ఆ శ్రుతిలోనే మోగుతుంది. ఎక్కడ ఉంచాలో తెలుసుకోవడానికి తండ్రి బతికుండగా ఫోన్లో పట్టిన భజన ఒకటుంది. అందులోంచి ఒక్కొక్క స్వరం కోసి, అదే ముక్క మళ్లీ మళ్లీ వింటూ చుక్క జరిపేది. గాంధారం కిందికి, నిషాదం పైకి. ఆ ముక్కల్లో సదయ్య దగ్గు కూడా వినిపించేది. నేను లేచి గుమ్మం దాకా పోయి వచ్చేదాన్ని. ఆ పిల్ల మొహంలో మాత్రం ఏమీ లేదు.

"ఎలా వింటున్నావే తల్లీ?" అన్నాను ఉండబట్టలేక.

చెయ్యి ఆపింది. "ఇంటున్న ఆంటీ. ఏం గాట్లేదు. అదే నాకు భయమైతున్నది. అమ్మ పాడితేనన్న నాకు ఏమన్న ఐతదేమో అని చేస్తున్న."

ఆ మాట విన్నాక ఆ పిల్లను రాయి అనడం మానేశాను.

బ్లాకు తయారైంది. తల్లిని కూర్చోబెట్టి వినిపించింది. మల్లక్క నోరు తెరిచింది, పల్లవి సగంలో గొంతు చిక్కుకుంది. "అందుతలేదు బిడ్డా. గిది బాపుది గాదు" అని లేచిపోయింది. సహస్ర మళ్లీ చుక్కలన్నీ సరిచూసింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొన్నాళ్లాగి ఇంకోసారి వినిపించింది. అదే మాట. ఇక ఆ పిల్ల తల్లిని అడగడం మానేసి, తెరకేసి చూస్తూ కూర్చునేది.

సంవత్సరీకం ముంగిట ఒక మధ్యాహ్నం కొమురెల్లి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. సహస్ర అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది, చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు. మల్లక్క వెనకవైపు గిన్నెలు తోముతోంది.

"మొదటి పాట వేరేటోళ్లకు చెప్పుమంటవా బిడ్డా?" అన్నాడు కొమురెల్లి నేల చూస్తూ.

"ఏం జెయ్యాలె కాకా? అన్నీ సరిగనే పెట్టిన. ఫోన్ల పట్టింది కొంచెం కిందికుంటే, పాత ఫోను గదా అని మొత్తం లేపి సైరన్‌కు కలిపిన."

"ఏ సైరన్‌కు?"

"రోజు ఇంటున్నం గదా, గదే."

కొమురెల్లి తలెత్తాడు. "అది అవతలి ఓపెన్ కాస్టు గనిది బిడ్డా! సదన్న పోయినంక మన బాయి మూసిర్రు గదా, మన సైరన్ గూడ గప్పుడే పోయింది. గిది దానికంటె సన్నగ, పైకి కూస్తది." ఒక్క క్షణం ఆగి నుదురు బాదుకున్నాడు. "ఓరి దేవుడా! ఏడాది సంది భజనల గొంతులు అందక సస్తున్నం, ముసలితనం అనుకుంటిమి!"

నాకు నవ్వొచ్చింది, నా మీద నాకే. రోజూ మోగే సైరన్ మారితే ఇంత కాలనీలో ఒక్కరమూ గమనించలేదు. వీణ నేర్చిన నా చెవులు ఏ గంగలో కలిశాయో!

సహస్ర కంప్యూటర్ తెరిచింది. తను లేపినదంతా తీసేసింది. చక్రం మొత్తం కిందికి దిగి, ఫోన్లో ఉన్న చోటే కూర్చుంది. షడ్జమం ఒక్కటే తగిలించి, ఆగకుండా మోగేలా పెట్టి నొక్కింది. అచ్చం మా పాత సైరన్ కూతే.

వెనక గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మల్లక్క తడిచేతులతోనే లోపలికి వచ్చింది. మమ్మల్ని ఎవరినీ చూడలేదు. పెద్ద గిన్నె నిండా నీళ్లు పట్టి పొయ్యి మీద పెట్టి వెలిగించింది. తువ్వాలు తీసి దండెం మీద వేసింది. "బాపు అచ్చే యాళ్లయింది" అంది, అని అక్కడే నిలబడిపోయింది.

కంప్యూటర్లో ఆ కూత మోగుతూనే ఉంది. మల్లక్క మెల్లగా ఇటు తిరిగి, కూతురి నల్లటి చేతులు మొదటిసారి చూసినట్టు చూసింది.

"నువ్వు సుత డ్యూటీ చేసే అచ్చినవ్ గదా బిడ్డా" అంది. "నీళ్లు కాగుతున్నయి. పోసుకో పో."

నీళ్లు కాగేదాకా సహస్ర కదల్లేదు. కాగాక తల్లే గిన్నె దించి స్నానాల గదిలో పెట్టింది. పిల్ల లోపలికి పోయి తలుపు వేసుకుంది. మల్లక్క వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ కూత పట్టుకుని "ఆ..." అంది. అక్కడినుంచి మొదటి పాట ఎత్తుకుంది. గాంధారం దగ్గర స్వరం కిందికే ఉంది. నేను కిమ్మనలేదు.

లోపల నీళ్ల చప్పుడు ఆగింది. తరవాత ఏడుపు మొదలైంది, నోరు మూసుకున్నా ఆగని ఏడుపు. కొమురెల్లి లేవబోతే నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

మల్లక్క పాట ఆపలేదు. ఆ పిల్ల ఏడుపు మాకు వినపడకుండా గొంతు కొంచెం పెంచి పాడింది.