భాస్వరం వదలని రాయి

యుద్ధం నడుస్తున్న రోజుల్లో చీపురుపల్లి దగ్గర ఒక మాంగనీసు గనిలో రాయి పరీక్ష చేసే పని నాది. పెంకుల పాక, త్రాసు, కొన్ని ఆసిడ్ సీసాలు, అదే మా లేబరేటరీ. ఆ ఆసిడ్ల పొగకి గొంతు ఎప్పుడూ మండుతూనే ఉండేది.

ఓడలు దొరకడం కష్టమైపోయింది. దొరికిన వాటిలో మేలు రకం రాయికే చోటు. మా వైపు గనుల రాయిలో పనికిరాని తెల్లరాయి ఎక్కువ కాబట్టి అదంతా స్టేషన్ పక్కన గుట్టలు పడి ఉండేది. మా షావుకారుతో కలిపి పక్కపక్కనే గనులున్న ముగ్గురు షావుకార్లకి ఒకరంటే ఒకరికి గిట్టేది కాదు. గుట్టలు పెరిగేసరికి కలిసి కూచున్నారు. రాయిని శుభ్రంచేసే పద్ధతి ఏదైనా కనిపెట్టాలనుకున్నారు. ఒకాయన కలప ఇచ్చాడు, ఒకాయన గుంటలో నీళ్ళు ఇచ్చాడు, మా షావుకారు నన్నిచ్చాడు. విజయనగరం కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మేష్టారు సెలవురోజుల్లో రైలెక్కి వస్తానన్నారు.

ఆయన గీసిన బొమ్మ చూసి వడ్రంగి మావ పెద్ద తొట్టి కట్టాడు. నీళ్ళలో వేలాడే జల్లెడని బారుకర్రతో పైకీ కిందకీ ఆడిస్తే బరువైన మాంగనీసు అడుక్కి దిగాలి, తెల్లరాయి పైన మిగలాలి. మొదట రెండూ కలిసే ఉండిపోయాయి. ఇంకా చిన్నగా కొట్టించాం. పొడైపోయి నీళ్ళలో కొట్టుకుపోయింది. జల్లెడ మార్చాం, మళ్ళీ కొట్టించాం. వేసవంతా అదే పని. కర్ర ఆడించేది రాయి ఏరే ఆడవాళ్ళు.

“ఏటి బాబూ, ఈ రాయికి తలంటుతన్నామా? సేతులు ఊడిపోతన్నాయి,” అందొక పెద్దామె.

నవ్వే ఓపిక నాకు లేదు.

చివరికి రాయి విడివడింది. అందరి మొహాలూ తేటపడ్డాయి. మేష్టారు మాత్రం, “భాస్వరం సంగతి చూడండి,” అన్నారు. చూశాను. కడగక ముందు ఎంతుందో అంతే ఉంది.

“మరోసారి చూడండి.”

చూశాను. తగ్గలేదు. ఆయన బల్లమీద కూలబడ్డారు. “రాయి లోపలే ఉందన్నమాట. కడిగితే పోయేది కాదు.”

షావుకార్లకి ఈ మాట చెప్పగానే మా షావుకారు విసుక్కున్నాడు. “భాస్వరం గొడవ మనకెందుకండీ? తెల్లరాయి పోయిందని సెప్పి పంపించీండి.”

“ఈ రాయి పోయేది ఉక్కు తయారీకే. భాస్వరం ఉంటే ఆ ఉక్కు పెళుసైపోతుంది. కొన్నవాళ్ళు మళ్ళీ మన మొహం చూడరు,” అన్నారు మేష్టారు.

మూడు గనుల రాయీ పరీక్షకి నా చేతిమీదుగా వెళ్ళిందే కాబట్టి నేనే నోరు విప్పాను. గుంటలో నీళ్ళిచ్చిన షావుకారు రాయిలో భాస్వరం తక్కువ, తెల్లరాయే ఎక్కువ. దాన్ని కడిగి మిగతా ఇద్దరి రాయిలో కలిపితే కొనేవాళ్ళు ఒప్పుకునే రకం అవుతుంది.

“కలిపేస్తే నా రాయేదో, ఈయన రాయేదో ఎలా తెలుస్తాది?” అన్నాడా నీళ్ళిచ్చిన షావుకారు.

“కలిపాక ఎవరిదీ కాదు, ముగ్గురిదీ,” అన్నారు మేష్టారు. దాని మీద సాయంత్రం దాకా వాదించుకున్నారు. గుట్టలు కదలాలి కనుక ఒప్పుకున్నారు.

వేగన్లు కదిలాయి. సరుకు నచ్చిందని కబురొచ్చిన మధ్యాహ్నం మేష్టారు మా పాకలో బల్లమీదే నిద్రపోయారు, రైలు తప్పిపోయింది. నేను లేపలేదు. నేనూ గోడకానుకుని కళ్ళు మూసుకున్నాను.

యుద్ధం అయిపోయాక కొనేవాళ్ళు తగ్గారు. షావుకార్లు ఎవరి గనికి వాళ్ళు వెళ్ళిపోయారు. రాయి ఏరే ఆడవాళ్ళలో చాలామంది మళ్ళీ పొలం పనుల్లోకి పోయారు. తొట్టి ఎండలో నెర్రెలు విచ్చింది.

మేష్టారు చివరిసారి వచ్చినప్పుడు, “కాలేజీకి వచ్చేయండి. భాస్వరం తీసే దారి ఇంకా వెతకాలి కదా,” అన్నారు.

“కొన్నాళ్ళు పడుకోనివ్వండి మేష్టారూ,” అన్నాను.

“నాకూ అలాగే ఉందయ్యా,” అని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

వర్షాలు పడ్డాక విజయనగరం వెళ్ళి ఆయన దగ్గర చేరాను. అప్పటికీ ఒళ్ళు తేరుకోలేదు.